తోటకూర వినలేదు

ఫిబ్రవరి 3

మామయ్యా,

క్షేమంగా చేరాను. గది దొరికింది. దాని కిటికీ తెరుచుకోదు, తలుపు మూసుకోదు, మిగతాదంతా బ్రహ్మాండం. ఫోన్ చేస్తే నా మాట మీకు సగమే వినబడుతుంది, మిగతా సగం మీరు సొంతంగా కల్పించుకుంటారు. అందుకని ఉత్తరం.

"ఆకుకూరల దగ్గర నీకేం ఉద్యోగమే, కడుగుతావా, కోస్తావా?" అని అత్తయ్య అడిగింది కదా. కడగను, కొయ్యను. కొలుస్తాను. ఆకు వెలుతురుని పట్టుకుని, గాలిలోంచి కాస్త తీసుకుని, తన అన్నం తనే వండుకుంటుందని బడిలో చదువుకున్నాం. కిరణజన్య సంయోగక్రియ అని, పలకబోతే నాలిక మడతపడేది. ఆ వంట ఎంత జోరుగా సాగుతోందో చూడటమే నా పని. ఇక్కడ ఎండ ఉండదు. నాలుగు గోడల మధ్య అరల మీద అరలు, వాటిలో ట్రేలు, పైన గులాబీరంగు దీపాలు. వేడి, తేమ, వెలుతురు అన్నీ మీటలు నొక్కితే వస్తాయి. తలుపు మూస్తే చీమ కూడా దూరలేదు. ట్రేలలో పాలకూర, చుక్కకూర, లెట్యూస్, తోటకూర. ఒక ఆకుని మొక్కకి ఉండగానే బట్టలకి పెట్టే క్లిప్పు లాంటి దాని మధ్య పెడతాను. లోపలికి వెళ్ళే గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో, బయటికొచ్చే గాలిలో ఎంత మిగిలిందో యంత్రం చెబుతుంది. తగ్గినంతా ఆకు తిన్నట్టు.

లోపలికి వెళ్ళే గాలి ఎప్పుడూ ఒకేలా ఉండాలని మొదట్లో కొలిచి నింపిన గాలి సిలిండర్ పెట్టేవారట. నేనొచ్చేసరికి సిలిండర్ మాయం. మేనేజర్‌ని అడిగితే, "గది నిండా గాలి ఉండగా గాలి కొనడమేంటమ్మా, నలుగురూ నవ్వుతారు" అన్నాడు. ఛైర్మన్ గారు ఏమన్నా "అవున్సార్" అంటాడు కాబట్టి ఈయన్ని అందరూ అవున్సార్ అనే పిలుస్తారు. పిలిస్తే పలుకుతాడు కూడా.

మీ ఛైర్మన్ గారిని నిన్న చూశాను. మీరు ఉద్యోగమంతా ఎవరి కోసం ప్రసంగాలు రాశారో, రిటైరయ్యాక కూడా ఎవరి కోసం రాసి పోస్టులో పంపుతున్నారో ఆ మహానుభావుణ్ణి. పెంపకం గదిలో తలుపులు మూయించి, పదిహేనుమందిని గోడలకి ఆనించి నిలబెట్టి, మీరు పంపినది మొత్తం చదివారు. "ఇక్కడ కాస్త ఆగి చిరునవ్వు నవ్వాలి" అని మీరు పక్కన రాశారా? అదీ చదివారు. చదివారు గానీ నవ్వలేదు.

అసలు విషయం. ఆయన చదువుతున్నంతసేపూ నేను మూలన నిలబడి పాలకూర కొలుస్తున్నాను. మామయ్యా, అంకెలు అలా అలా ఎగబాకుతూనే ఉన్నాయి! మనుషులంతా కునికిపాట్లు పడుతుంటే పాలకూర ఒక్కటీ మేలుకుని వింది. మీ అసలు శ్రోతలు ఎవరో ఇన్నాళ్ళకి బయటపడింది.

అత్తయ్యని అడిగానని చెప్పండి. ఆవిడ మందులు మానేస్తే నాకు రాయండి.

మీ
పిచ్చుక


ఫిబ్రవరి 11

పిచ్చుకా,

నీ ఉత్తరం మొదటిసారి నిలబడి చదివాను. రెండోసారి కూర్చుని చదివాను. మూడోసారి మీ అత్తయ్యని లేపి చదివి వినిపించాను.

నీకు తెలియనిది కాదు. నేను రాసిన ప్రతి ప్రసంగమూ ముందు మీ అత్తయ్యకే చదువుతాను. మూడో వాక్యానికల్లా గురక మొదలవుతుంది. ఆవిడ నిద్రపోయిందంటే ప్రసంగం తయారైందని గుర్తు పెట్టుకుని కవర్లో పెట్టేవాణ్ణి. సభల్లోనూ అంతే. నేను వెనకాల స్తంభం పక్కన నిలబడి చూసేవాణ్ణి. ముందు వరుసవాళ్ళు గడియారం చూసుకునేవాళ్ళు, వెనక వరుసవాళ్ళు తలుపు చూసుకునేవాళ్ళు. నా ఉద్యోగం మొత్తంలో ఒక్క ప్రాణి కూడా నా మాటకి చలించలేదే అని లోపల ఎంత బాధ ఉండేదో ఎవరికి చెప్పుకోను? ఇప్పుడు పాలకూర చలించింది. పాలకూరకి భయం లేదు, ప్రమోషన్ అక్కర్లేదు, మొహమాటం అంతకన్నా లేదు. అది మెచ్చుకుందంటే మెచ్చుకున్నట్టే.

ఇంత మంచి వార్త కడుపులో దాచుకోవడం నా వల్ల కాలేదు. వెంటనే ఛైర్మన్ గారికి ఉత్తరం రాశాను. నీ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను. "తమ సంస్థలోనే పనిచేసే శాస్త్రవేత్త స్వయంగా కొలిచి చెప్పిన సంగతి" అని కూడా కలిపాను. నీకు కాస్త పేరు రావాలి కదా.

మీ అత్తయ్య మందులు వేసుకుంటోంది. నేను చూస్తున్నప్పుడు మాత్రం వేసుకుంటోంది.

ఆశీస్సులతో,
మామయ్య


ఫిబ్రవరి 20

మామయ్యా,

కొంప ముంచారు.

నేను రాసింది జోక్! మీరు నన్ను చిన్నప్పట్నుంచి ఎత్తుకుని పెంచారు, నేను ఎప్పుడు వేళాకోళం ఆడతానో, ఎప్పుడు ఆడనో మీకు తెలియదా? మీ ఉత్తరం తనకి అందిన రోజే ఛైర్మన్ గారు పరుగున వచ్చి, పాలకూర ట్రే ముందు నిలబడి, దాన్ని చాలాసేపు ఆప్యాయంగా చూసి, "నాకు ముందే తెలుసు" అన్నారు. పక్కనుంచి "అవున్సార్" వినిపించింది.

అసలు జరిగింది ఇది. మూసిన గది. పదిహేనుమంది. ఊపిరి వదులుతారా లేదా? మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు బోలెడు, అదే ఆకుకి వంట సరుకు. సిలిండర్ తీసేశారు కాబట్టి యంత్రం కూడా ఆ గదిలో గాలే పీల్చి ఆకుకి పెట్టింది. సరుకు ఎక్కువైతే వంట ఎక్కువైంది. అంతకన్నా ఏమీ లేదు. ప్రసంగం బదులు పదిహేనుమందీ కూర్చుని ఆవలించినా అంతే.

కానీ ఇప్పుడు వినేదెవరు? గోడకి టైంటేబుల్ అంటించారు. పొద్దున పాలకూరకి "క్రమశిక్షణ", మధ్యాహ్నం లెట్యూస్‌కి "ప్రగతి పథం", సాయంత్రం చుక్కకూరకి "యువతకు సందేశం". ఛైర్మన్ గారు ఊళ్ళో ఉన్న రోజు తనే వస్తారు, లేని రోజు అవున్సార్ చదువుతాడు. ఆఫీసు వాళ్ళంతా గోడల పొడుగునా నిలబడి చప్పట్లు కొట్టాలి. జీతాలు చూసే ఆయన నా చెవిలో, "అమ్మా, ఆ చుక్కకూర యువతేనా?" అని అడిగాడు.

ఇందులో ఒక్క తోటకూర మాత్రం లొంగలేదు. ఎవరు చదివినా, ఎంతమంది ఊపిరి వదిలినా దాని అంకె దాదాపు అక్కడే ఉంటుంది. దానికి కారణం ఉంది. తోటకూర లోపల సొంత పంపు లాంటిది ఉంది. గాలిలో కాస్తే ఉన్నా పోగుచేసుకుని వండుకుంటుంది, మీరు ఇంకా తెచ్చి పోస్తే "నాకు చాలు" అంటుంది. మిగతా కూరలకి ఆ సదుపాయం లేదు. నేను చెప్పేది నిజమని రుజువు చెయ్యడానికి ఆ ఒక్క ట్రే చాలు. ఛైర్మన్ గారు దాన్ని చూసి, "ఇది వినడం లేదేం?" అన్నారు. మర్నాడు పొద్దున వచ్చేసరికి ట్రే మీద సంజాయిషీ నోటీసు అంటించి ఉంది. తోటకూర తరఫున జవాబు నేను రాయాలట.

మామయ్యా, దండం పెడతాను, ఆయనకి ఇంకో ఉత్తరం రాయండి. అది జోక్ అని చెప్పండి.

మీ
పిచ్చుక


మార్చి 1

పిచ్చుకా,

ఊపిరి అంటావా? మా పక్కింటాయన పొద్దస్తమానం ఊపిరి వదులుతూనే ఉంటాడు. ఆయన గోడ మీద గడ్డి పరక కూడా మొలవలేదు.

నీ చదువుని తక్కువ చెయ్యను. నువ్వు చెప్పిన వాయువు ఉంటే ఉండొచ్చు. కానీ ఆ వాయువుతో పాటు మాట కూడా వెళ్ళింది కదా? పాలకూర తిన్నది ఏదో, విన్నది ఏదో నీ క్లిప్పుకి తెలుసా? విడదీసి చూపించు, ఒప్పుకుంటాను. అంతదాకా ఛైర్మన్ గారికి నేనేమీ రాయను. ఈ వయసులో నాకు వచ్చిన ఒక్క మెప్పుని నా చేత్తోనే వెనక్కి పంపమంటావేం?

తోటకూర గురించి మాత్రం రెండ్రోజులు ఆలోచించాను. తప్పు దానిది కాదు, నాది. ప్రసంగం భాష మరీ బరువుగా ఉంది. "ప్రప్రథమంగా", "తద్వారా" లాంటి మాటలు దానికి ఎక్కి ఉండవు. అందుకని పొట్టి వాక్యాలతో, ఇంట్లో మాట్లాడుకునే మాటలతో తోటకూర కోసమే ఒకటి రాసి పంపాను. అంకె ఎంతకి పెరిగిందో రాయి.

మామయ్య

పిచ్చుకా, నేను అత్తయ్యని. కవరు అంటించేలోపు ఇది రాస్తున్నాను. మీ మామయ్య ఇప్పుడు రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ రాయడానికి కూర్చుంటున్నారు. రిటైరయ్యాక ఈ మనిషిని ఇలా చూడలేదు. లుంగీ చుట్టుకుని కిటికీలోంచి వీధి చూస్తూ ఉండేవారు. నువ్వు చెప్పిందే నిజమై ఉంటుంది, నీ మాట ఎప్పుడు తప్పయింది గనక. కాస్త మెల్లిగా చెప్పు.


మార్చి 12

మామయ్యా,

విడదీసి చూపించమన్నారు కదా. చూపించాను. వినండి.

మొదట, అందరినీ గదిలో కూర్చోబెట్టి ప్రసంగం వద్దన్నాను. నోరు మూసుకుని ఊరికే కూర్చున్నారు. అంకెలు ప్రసంగం రోజు ఎంతున్నాయో అంతే పెరిగాయి. చాలు, తేలిపోయింది అనుకున్నాను. ఛైర్మన్ గారు గంభీరంగా తలూపి, "చూశారా, నా మౌనానికి కూడా శక్తి ఉంది" అన్నారు.

సరే అని, గది మొత్తం ఖాళీ చేయించాను. ఛైర్మన్ గారి గొంతు రికార్డు చేసి, స్పీకర్లో పెట్టి, తలుపు మూసేశాను. అంకెలు పెరగకపోగా పడిపోయాయి. ఉన్న సరుకు కూరలే తినేశాయి, కొత్తది తెచ్చేవాళ్ళు లేరు. ఛైర్మన్ గారు, "యంత్రానికి చిత్తశుద్ధి ఎక్కడుంటుంది? మనిషి ఎదురుగా ఉండాలి" అన్నారు.

ఆఖరికి గేటు దగ్గర కాపలా ఉండే ఆయన్నీ, ఊడ్చేవాళ్ళనీ, డ్రైవర్లనీ బతిమాలి గదిలో కూర్చోబెట్టాను. మీకు తోచింది మాట్లాడుకోండి అన్నాను. కబుర్లు చెప్పుకున్నారు, పడీపడీ నవ్వుకున్నారు. అంకెలు మళ్ళీ పెరిగాయి! ఛైర్మన్ గారు కాసేపు ఆలోచించి, "వాళ్ళు నా గురించే మాట్లాడుకుని ఉంటారు" అన్నారు. అది నిజమే. ఏమని మాట్లాడుకున్నారో మాత్రం నేను చెప్పలేదు.

ఈ మూడింటిలోనూ తోటకూర కదల్లేదు. మీరు దాని కోసమే రాసిన ప్రసంగం కూడా చదివారు మామయ్యా. "ఓ తోటకూరా, నువ్వు మా ఇంటి పిల్లవి" అని ఛైర్మన్ గారు వంగి మరీ చదివారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత మీరు ఎంత శ్రద్ధగా రాసి ఉంటారో తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే తోటకూరని "సంస్థ ఆశయాలకు అనుగుణంగా లేనందున" తీసేయమని ఉత్తర్వు వచ్చింది. చెత్తలో వెయ్యబోతుంటే ట్రే లాక్కుని నా గదికి తెచ్చుకున్నాను. ఆ తెరుచుకోని కిటికీ దగ్గర పెట్టుకున్నాను.

ఇప్పుడు అసలు ఆపద. "ప్రసంగ పద్ధతి" అని నివేదిక తయారైంది. వచ్చే నెల ఐదున పెద్ద సభ పెట్టి విడుదల చేస్తారట. ఆకుకూరలు పెంచే ప్రతి సంస్థకీ పంపుతారు. అందులో తోటకూర అంకెలు లేకుండా కొలతల పేజీ కింద నేను సంతకం చెయ్యాలి. నేను చేస్తే ఊరూరా మనుషులు పని మానేసి కూరల ముందు నిలబడి ఉపన్యాసాలిస్తారు, వినని తోటకూరని పీకి పారేస్తారు. నేను చెయ్యకపోతే నా ఉద్యోగం పోతుంది. అవున్సార్ మెత్తగానే చెప్పాడు, "సంతకం ఎంతసేపమ్మా, అయిపోతుంది" అని.

ఒక్క మాట చెప్పనా? ఆ రికార్డులో మీ మాటలన్నీ ఉన్నాయి మామయ్యా. ఒక్క అక్షరం పోలేదు. ఊపిరి ఒక్కటే లేదు.

మీరు ఆయనకి ఒక్క ముక్క రాస్తే వింటారు. రాస్తారా?

పిచ్చుక


మార్చి 18

పిచ్చుకా,

సంతకం పెట్టెయ్.

కోప్పడకుండా చదువు. ఛైర్మన్ గారు నాకు స్వయంగా ఉత్తరం రాశారు. సభ ప్రసంగం నన్నే రాయమన్నారు. ముందు వరుసలో నాకో కుర్చీ వేయిస్తారట, దాని మీద నా పేరు రాయిస్తారట. నివేదిక మొదటి పేజీలో "ప్రసంగ రచన" అని రాసి దాని పక్కన నా పేరు అచ్చేస్తారట. నేను ఎన్ని వందల ప్రసంగాలు రాశాను! వాటి కింద వేరేవాళ్ళ పేర్లే ఉన్నాయి. నా పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా అచ్చయి చూడలేదు నేను.

నువ్వు చిన్నదానివి, నీకు ఇంకో ఉద్యోగం, ఇంకో నివేదిక వస్తాయి. నాకు ఇంకోటి రాదు. తోటకూర అంకెలు ఒక పేజీలో లేకపోతే ఎవరి ప్రాణం పోతుంది చెప్పు? మీ అత్తయ్యతో సభకి వేసుకోవాల్సిన చొక్కా గురించి మాట్లాడితే లేచి వెళ్ళి గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది.

మామయ్య


మార్చి 23

గౌరవనీయులైన మామయ్య గారికి,

మీ సలహా అందింది. సంతోషం.

మీరు నాకు లెక్కలు నేర్పిన రోజుల్లో జవాబు తప్పొస్తే, "ముందు జవాబు రాసేసి తర్వాత లెక్క చెయ్యకే" అని చెవి మెలిపెట్టేవారు. ఆ చెవి ఇంకా ఉంది.

కుర్చీ కోసం నన్ను అబద్ధం ఆడమంటున్నారు. బాగుంది. మీరు కుర్చీలో కూర్చోండి. నేను రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను, సభ రోజు అవున్సార్ చేతికి ఇస్తాను. సంతకం కావాలంటే మీరే పెట్టండి, పేరు కూడా అచ్చవుతుంది.

మిమ్మల్ని చూసే నేను నిజం చెప్పడం నేర్చుకున్నానని నలుగురికీ చెప్పుకునేదాన్ని. ఇక చెప్పుకోను.

అత్తయ్యకి నమస్కారాలు. తోటకూర కొత్త ఆకులు వేసిందని చెప్పండి.

ఇట్లు,
మీ మేనకోడలు


మార్చి 29

పిచ్చుకా,

సభ ప్రసంగం రాసి పంపేశాను. నా పని నేను చేశాను. నువ్వు ఆ రోజు రాజీనామా తొందరపడి ఇవ్వకు, ప్రసంగం అయ్యాక ఇవ్వు. నీకు నా మీద ఉన్న కోపం న్యాయమైనదే. దాన్ని అలాగే ఉంచుకుని ముందు వైపు నిలబడు, బాగా వినబడేచోట.

మామయ్య


ఏప్రిల్ 7

మామయ్యా,

ఏం మనిషివి మామయ్యా నువ్వు! మీరు అని రాయడం నా వల్ల కావడం లేదు, క్షమించు.

మొదట్నుంచి చెబుతాను. పోయిన ఉత్తరం చదివి ఇంకా మండిపోయాను. బాగా వినబడేచోట నిలబడాలా, ఈయన గారి గొప్ప వినడానికి, అనుకున్నాను. అయినా వచ్చి నిలబడ్డాను. పెద్ద హాలు నిండిపోయింది. పత్రికలవాళ్ళు వచ్చారు, పెంపకం సంస్థల వాళ్ళు వచ్చారు. ముందు వరుసలో నీ పేరున్న కుర్చీ ఉంది. నువ్వు లేవు. వేదిక మీద పాలకూర ట్రేలు వరసగా పెట్టారు, వాటికి ఒక మైకు కూడా పెట్టారు, ఎందుకో నన్నడక్కు.

ఛైర్మన్ గారు లేచారు. నీ కవరు అక్కడే చించారు. ఆయన ముందుగా చదువుకోరని నీకు తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియనంత బాగా నీకు తెలుసు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. నేను మర్చిపోలేను, అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను చూడు.

"అందరికీ నమస్కారం. ఈ పాలకూర నా మాటలు విని ఎదగలేదు. మూసిన గదిలో మేమంతా నిలబడి ఊపిరి వదిలాం, అది తిని ఎదిగింది. నా బదులు ఒక మేకని తెచ్చి కట్టేసినా ఇంతే ఎదిగేది, కాకపోతే మేక దీన్ని మేసేస్తుంది, అదొక్కటే తేడా. ఈ సంగతి తోటకూర మొదట్నుంచీ చెబుతూనే ఉంది. కొలిచిన అమ్మాయి కూడా చెప్పింది. తోటకూరని బయటికి పంపేశాను, అమ్మాయిని పంపబోతున్నాను. ఇద్దరినీ లోపలికి పిలవండి. తోటకూర అంకెలు లేని నివేదిక ఎవరి చేతికీ ఇవ్వకండి. ఇక్కడ కాగితం మడిచి కూర్చోవాలి."

ఆ చివరి వాక్యం కూడా చదివారు మామయ్యా. చదివి, కాగితం మడిచి, కూర్చున్నారు.

ఛైర్మన్ గారి మొహంలో అప్పుడప్పుడే ఏదో తేడా తెలుస్తోంది, తను ఏం చదివారో వెనక్కి వెళ్ళి చూసుకుంటున్నట్టు. సరిగ్గా అప్పుడు వేదిక పక్కనుంచి, అలవాటు కొద్దీ, గట్టిగా వినిపించింది: "అవున్సార్!"

అంతే, చప్పట్లు! ఒకటే చప్పట్లు. ముందు వరుసలో పెద్దాయన ఎవరో కళ్ళు తుడుచుకుని, "ఎంత వినయం, ఎంత వినయం" అన్నాడు. ఛైర్మన్ గారు రెండు క్షణాలు అయోమయంగా చూసి, మెల్లిగా లేచి, చేతులు జోడించి వినయంగా తల వంచారు. మర్నాడు పత్రికల్లో ఆయన ఫోటో, "తన తప్పు తానే చెప్పిన ఛైర్మన్" అని. ఇప్పుడు ఆయన వెనక్కి తీసుకుందామన్నా కుదరదు. తీసుకోవాలని కూడా లేదు, నన్ను పిలిచి, "నా ప్రసంగాలన్నిటిలో ఇదే గొప్పది. తోటకూర ఎక్కడమ్మా?" అని అడిగారు. నా గదిలోంచి ట్రే ఊరేగింపుగా తెచ్చారు. సంజాయిషీ నోటీసు అవున్సారే చింపాడు. సిలిండర్ వచ్చింది. నివేదిక మళ్ళీ రాస్తున్నాం, దాని పేరు "మూసిన గదులలో కొలతలు, జాగ్రత్తలు". తోటకూర పేజీ మొదటిది. కింద నా సంతకం పెట్టాను.

కానీ మొదటి పేజీలో నీ పేరు లేదు. ప్రసంగ పద్ధతే లేకపోయాక ప్రసంగ రచన ఎక్కడుంటుంది? కుర్చీ మీద అంటించిన చీటీ తీసి దాచాను. ఎందుకు రాలేదు మామయ్యా? నీకు వేసిన కుర్చీ అది. నేను అన్న మాటలకి రాలేదా? ఆ ఉత్తరం చింపెయ్. చింపేశానని రాస్తే గానీ నాకు అన్నం సయించదు.

నీ
పిచ్చుక


ఏప్రిల్ 14

పిచ్చుకా,

చింపను. అంత బాగా నువ్వెప్పుడూ రాయలేదు. "ఆ చెవి ఇంకా ఉంది" అన్నావే, అలాంటి వాక్యం నేను రాసిన వందల ప్రసంగాల్లో ఒక్కటి లేదు.

సభకి రాకపోవడానికి కారణం నీ మాటలు కాదు. రాసినవాడు ఎదురుగా కూర్చుంటే చదివేవాడు మధ్యలో తలెత్తి వాడివైపు చూస్తాడు. చూస్తే ఆగుతాడు. ఆగితే ఆలోచిస్తాడు. ఛైర్మన్ గారికి ఆ అవకాశం ఇవ్వదలుచుకోలేదు. ఆయన నిన్ననే ఉత్తరం రాశారు, వినయం మీద ఇంకో ఆరు ప్రసంగాలు కావాలట. వినయం గురించి తనకి చాలా చెప్పాలనుందట. చేతకావడం లేదని జవాబు రాశాను.

సంతకం పెట్టెయ్ అని రాసినప్పుడు నిజంగానే అన్నానే. నాటకం కాదు. ఆ కుర్చీ అంత కావాలనిపించింది. కానీ దానికి ముందు నువ్వు రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఉంది చూడు, మాటలన్నీ ఉన్నాయి, ఊపిరి ఒక్కటే లేదని. అది నన్ను కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. బీరువాలోంచి పాత ప్రసంగాల కట్ట తీసి ఒక్కోటీ చదివాను. అన్నిట్లోనూ మాటలున్నాయి. ఒక్కదాంట్లో కూడా నేను లేను. సరే, ఒక్కటైనా నేను ఉండేలా రాద్దామనుకున్నాను. పేరు లేకపోతే పోయింది.

రాయడం అరగంట కూడా పట్టలేదు. అలవాటు ప్రకారం మీ అత్తయ్యకి చదివి వినిపించడానికి వంటింట్లోకి వెళ్ళాను. స్టూలు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎలాగూ మూడో వాక్యానికి తల వాల్చేస్తుంది కదా అని తలెత్తకుండా గబగబా చదువుకుంటూ పోయాను. మేక దగ్గర గురక వినబడలేదు. తోటకూర దగ్గర వినబడలేదు. కాగితం మడిచి కూర్చోవాలి అన్నదాకా వచ్చి తలెత్తి చూస్తే, చేట పక్కన పెట్టేసి, కళ్ళు ఇంత చేసుకుని నన్నే చూస్తోంది.

"అయిపోయిందా?" అంది.

అయిపోయిందన్నాను.

"మళ్ళీ చదవండి" అంది.

నా వల్ల కాలేదు పిచ్చుకా. కాగితం నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆవిడే పైకి చదివింది. నేను కూర్చుని విన్నాను.

మామయ్య